మాగ మెడకింద ఎనిమిది పోగులు

ఒకప్పుడు మాగచేప మెడకింద పోగులుండేవి కావు. గొంతు దగ్గర్నుంచి తోకదాకా నున్నగా, పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేటట్టు ఉండేది. ఇక కళ్ళ సంగతి చెప్పాలా? ఇప్పుడు మాగ కంటిమీద గంజి ఆరినట్టు ఒక పొర కనిపిస్తుంది మీకు. అప్పుడా పొర లేదు. సముద్రం మొత్తంలో అంత తేటకళ్ళు మరో చేపకు లేవు. కళ్ళకు కనిపించిందల్లా నిజమేనని మాగ నమ్మేది. నమ్మకపోవడం అనేది ఒకటుంటుందని దానికి తెలియనే తెలియదు.

అప్పట్లో చేపలకు మాటలొచ్చు. సముద్రానికీ వచ్చు. వలలో పడ్డ చేప ఏదో ఒకటి అంటూనే ఉండేది, మనవాళ్ళు బుట్టలో వేస్తూనే ఉండేవారు. ఆకలి మీద ఉన్నవాడు బుట్టలో చేప మాట వింటాడా? మీరైతే వింటారా? అబద్ధాలాడకండి.

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో వల వేసేవాళ్ళకు కరువు లేదు. బొమ్మ ఎర చెయ్యాలంటే మాత్రం గున్నయ్య ఒక్కడే.

బొమ్మ ఎర అంటే ఏమిటో చెబుతాను. అంకుడు కర్రను వేలెడంత చేపలా చెక్కుతారు. పొట్టకింద ఇనపగాలం దాస్తారు. ముక్కుకు దారం కట్టి, నడిచే పడవ వెనకాల నీళ్ళలో ఈడ్చుకుంటూ పోతారు. పెద్దచేప దాన్ని నిజం చేపనుకుని, వెంటబడి, లటుక్కున కరుచుకుంటుంది. అంతే, దాని పని అయిపోయినట్టే.

వినడానికి తేలిగ్గా ఉంది గదూ? చేసి చూడండి, తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజున తెల్లటి ఎర కట్టాలి. ఎండ కాసిన రోజున మెరిసేది కట్టాలి. ఏరు పొంగి నీళ్ళు ఎర్రబడితే పసుపు పూసింది కట్టాలి. ముక్కు దగ్గర సీసం ఎక్కువైతే ఎర మునిగిపోతుంది, తక్కువైతే నీళ్ళమీద గంతులేస్తుంది. ముడి గోరంత పక్కకు జరిగిందా, ఎర ఈదడం మానేసి బొంగరంలా గిరగిరా తిరుగుతుంది. బొంగరంలా తిరిగే చేపను ఏ చేపైనా ఎక్కడైనా చూసిందా? చూసి నవ్వుకుని దాని దారిన అది పోతుంది.

అందుకే గున్నయ్యకు ఒక అలవాటుండేది. కొత్త ఎర కట్టగానే పడవ అంచుమీద బోర్లా పడుకుని, తల నీళ్ళలో ముంచి, కళ్ళు తెరిచి చూసేవాడు. చేప కంటికి ఎలా కనిపిస్తుందో తన కంటికీ అలాగే కనిపించాలని వాడి పట్టుదల. ఉప్పునీళ్ళకు కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి ఎప్పుడూ. వాళ్ళ మేనత్త ఎర్రమ్మ వాణ్ణి ఊరికే వదిలేది కాదు. వీడు చేపల్లో పుట్టాల్సినవాడు, దారి తప్పి మా తమ్ముడింట్లో పుట్టాడని ఎకసెక్కాలాడేది. ఆ మేనత్తే గున్నయ్యకు అత్తగారు కూడా. ఆవిడ కూతురు పారమ్మనే వాడు చేసుకున్నాడు.

ఆ ఏడు వానాకాలంలో పారమ్మకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల బంగారంలా ఉంది. కానీ తల్లికి పాలు పడలేదు. ఒకరోజు చూశారు, రెండ్రోజులు చూశారు. మేకపాలు దూదితో పడితే కక్కేసింది. బెల్లంనీళ్ళు పడితే మొహం తిప్పేసింది. ఊళ్ళో పాలున్న తల్లి ఒక్కతే ఉంది, ఆమెకు కవలపిల్లలు, పాలు వాళ్ళకే చాలడంలేదు. నాలుగోరోజుకు పిల్ల ఏడవడం మానేసింది. ఏడుపు ఆగితే హమ్మయ్య అనుకుంటాం మామూలుగా. ఆ ఇంట్లో మాత్రం అందరికీ గుండెల్లో రాయి పడింది.

మాగ పులుసు రెండు పూటలు తింటే పాలు పడతాయి, ఇంకో దారి తనకు తెలియదని మంత్రసాని చెప్పేసింది. అప్పట్లో బాలింతలకు మాగ తప్ప మరో చేప పెట్టేవారు కారు.

మొగలో మాగలు లేవా అంటే, బోలెడున్నాయి. కానీ ఆ నాలుగు రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి ఎర ముట్టడంలేదు. వల వేస్తే పక్కకు తప్పుకుపోతున్నాయి, అంత తేటకళ్ళు మరి. గున్నయ్య కవ్వచేపలా ఎర చెక్కాడు, ముట్టలేదు. నెత్తల్లిలా చెక్కాడు, ముట్టలేదు. రొయ్యలా చెక్కి మీసాలు కూడా పెట్టాడు. అటు కన్నెత్తి చూడలేదు. తన చేతి ఎరను కాదనే చేపను వాడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు వాడికొకటి గుర్తొచ్చింది. పది రోజుల కిందట, ఏరు పొంగకముందు, మొగలో తల ముంచినప్పుడు ఒక పెద్ద మాగ పక్కనే వేలెడంత వెండిచేపలు కొన్ని తిరుగుతూ కనిపించాయి. వేటకెళ్ళేవాళ్ళకు తాతలనాటి లెక్క ఒకటుంది. పెద్దచేప పక్కన ఏ చిన్నచేప తిరుగుతుంటే అదే దాని తిండి. ఎర చెక్కాలంటే ఆ చిన్నచేపలా చెక్కాలి. ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. తర్వాత వరదొచ్చింది. వరద తీశాక అలాంటి చిన్నచేప ఒకటి ఇసుకలో చచ్చిపడి ఉంటే గున్నయ్య తెచ్చి ఉప్పులో పెట్టి ఉంచాడు.

ఇంకేం, దాన్ని ఎదురుగా పెట్టుకుని పొద్దున్నించీ పొద్దుగుంకేదాకా చెక్కుతూనే ఉన్నాడు. లక్కతో నున్నచేశాడు. కాకిబంగారాన్ని పొరలు పొరలుగా ఊడదీసి పొలుసులుగా అంటించాడు. తోకకు తెల్లకోడి ఈక, కళ్ళకు ఆవగింజలు. మొత్తం ఎనిమిది ఎరలు. వాటిని చేటలో ఆరబెడితే పక్కింటి పిల్లి వచ్చి ఒకదాన్ని నోట కరుచుకుని పరిగెత్తబోయింది. గున్నయ్య దాన్ని కొట్టలేదు సరికదా, మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పడవ తీస్తుంటే ఎర్రమ్మ వచ్చి చుక్కాని దగ్గర కూర్చుంది. అప్పట్లో ఆడవాళ్ళు కూడా వేటకెళ్ళేవారు. కూతురు నీరసంతో మంచం దిగడంలేదు, మనవరాలు కళ్ళు తెరవడంలేదు, ఇంట్లో కూర్చుని ఆ రెండు మొహాలూ చూడలేనంది. గున్నయ్య పడవ నీళ్ళలోకి నెట్టాడు. ఈరోజు మాగ లేకుండా ఒడ్డెక్కితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

పడవకు అటొక వెదురుగడ, ఇటొక వెదురుగడ చాపి కట్టాడు. ఒక్కో గడకు నాలుగేసి దారాలు. తుమ్మచెక్క కషాయం పట్టించిన గట్టి దారాలవి. ఒకదానితో ఒకటి చిక్కుపడకుండా ఒక్కోటి ఒక్కో పొడుగున వదిలాడు. మొగ దాటగానే నీళ్ళు తేటపడ్డాయి, ఎండ కాసింది. మెరిసే ఎరకు అంతకంటే మంచిరోజు ఉండదు.

గున్నయ్య బోర్లా పడుకుని తల ముంచాడు. చూసి వాడే ఆశ్చర్యపోయాడు. ఎరలని వాడికే అనిపించలేదు. ఎవరివో పిల్లలు ఎనిమిదిమంది ఆటాడుకుంటూ పడవ వెంట పరిగెత్తుతున్నట్టున్నారు. తల పైకెత్తి, ఈరోజు పడుతుంది చూడు అత్తా అన్నాడు. ఎర్రమ్మ దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది.

మాగ ఎర అందుకుంటే ఎలా ఉంటుందో తెలుసా? దారం ఝుమ్మంటుంది. గడ విల్లులా వంగిపోతుంది. ఒక్కోసారి పడవే పక్కకు తిరుగుతుంది. గున్నయ్య దానికోసమే కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు.

గడ వంగలేదు. ఎడమవైపు చివరి దారం మెల్లగా లోపలికి జరిగింది, ఎవరో చేత్తో పట్టుకుని పక్కకు తెచ్చినట్టు. తర్వాత రెండోది జరిగింది. తర్వాత మూడోది, నాలుగోది. కాసేపు ఏమీ లేదు. అప్పుడు కుడివైపు దారాలు మొదలుపెట్టాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎనిమిది దారాలూ పడవ వెనకాల ఒక్కచోటికి చేరాయి.

నలభై ఏళ్ళు సముద్రం చూసిన ఎర్రమ్మ కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. ఒక చేప ఒక ఎర అందుకోవడం అందరికీ తెలుసు. ఎర వెంట ఎర ఏరుకునే చేప ఎక్కడైనా ఉందా?

వాడు గబుక్కున తల నీళ్ళలో ముంచాడు.

కిందొక మాగ ఉంది. నిలబెడితే మనిషి నడుందాకా వచ్చేంత పొడుగుంది. దాని నోరు మూసే ఉంది. కొస దారానికున్న ఎరను ముట్టెతో మెల్లగా తోసి, గొంతుకింద పెట్టుకుని, రెండు రెక్కలూ దానిమీద కప్పుతోంది, కోడి పిల్లల్ని కప్పుకున్నట్టు. గాలం గుచ్చుకుని గొంతులోంచి నెత్తురు సన్నగా పైకి లేస్తోంది. అది ఒక్కసారి ఒళ్ళు ముడుచుకుని, మళ్ళీ ఆ ఎరను సర్దుకుంటోంది. గొంతుకింద అప్పటికే ఏడు ఎరలున్నాయి, ఏడుచోట్లా నెత్తురుంది.

గున్నయ్య తల పైకి తీశాడు. ఎర్రమ్మ ఏమిటని అడిగింది. వాడి చేతులు వాటంతటవే దారాలు లాగుతున్నాయి. ఇంట్లో పిల్ల ఉంది మరి. మాగ పెనుగులాడలేదు. ఎలా లాగితే అలా వచ్చింది. పడవ అంచుదాకా వచ్చాక తల నీళ్ళపైకి పెట్టి, అలసిపోయిన గొంతుతో చెప్పింది.

"మెల్లగా లాగు నాయనా. పిల్లలు నలిగిపోతారు."

గున్నయ్య దారాలు లాగడం ఆపేశాడు.

మాగ చెప్పుకుపోయింది. వరదలో పిల్లలు కొట్టుకుపోయారట. పది రోజులుగా వెతుకుతోందట. పిల్లలు పక్కనున్నంతకాలం తల్లి మాగలు నోరు తెరవవట, పొరపాటున పిల్లలు లోపలికి పోతారని. ఇప్పుడు పిల్లలు లేక, తిండి మీద ధ్యాస లేక అది నోరే తెరవలేదట. ఈ పొద్దు ఎండ పొడలో ఎనిమిదిమందీ ఒక్కసారి కళ్ళబడ్డారట. "ఒక్కరూ తగ్గలేదు. ఎనిమిదిమందీ దొరికారు. కానీ వీళ్ళను ఇలా తాళ్ళకు కట్టిందెవరు నాయనా?" అని అడిగింది.

పెద్దచేప పక్కన తిరిగేది దాని తిండి అనుకున్నాడు గున్నయ్య, గానీ, దాని పిల్లలేమో అని ఒక్కసారైనా అనుకున్నాడా? తాతలు అనుకోలేదు, తండ్రి అనుకోలేదు, వాడూ అనుకోలేదు. ఆ ఎనిమిదిమందిలో ఒకటి వాడింట్లో ఉప్పులో ఉంది. దాన్ని ఎదురుగా పెట్టుకునే వీటిని చెక్కాడు. ఆ మాట ఈ తల్లికి ఏ నోటితో చెబుతాడు? పడవలో కూలబడిపోయాడు.

ఎర్రమ్మ కత్తి తీసింది. గున్నయ్య చూశాడు. మనవరాలి ప్రాణం ఆవిడకు ఎంతో వాడికి తెలుసు, కనక ఇక మాగ పని అయిపోయిందనుకుని మొహం తిప్పుకున్నాడు. ఎర్రమ్మ పడవ అంచుమీదికి వంగింది.

"అమ్మా, అయి పిల్లలు కావమ్మా. కర్రముక్కలు. ఈడే చెక్కాడు" అంది.

మాగ ఒప్పుకోలేదు. "నా కళ్ళతో నేను చూస్తున్నాను గదమ్మా" అంది, ఎంతో మర్యాదగా.

ఎర్రమ్మ కత్తితో మొదటి దారం కోసింది. రెండోది కోసింది. గున్నయ్య గభాలున లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "అత్తా, మరి మన పిల్లో?"

ఎర్రమ్మ కళ్ళనిండా నీళ్ళున్నాయి. "ఇంటికాడ ఒక తల్లి పిల్ల కోసం ఏడుస్తోంది. దాని ఏడుపు తీర్చడానికి ఇంకో తల్లిని ఏ చేత్తో కొయ్యమంటావురా? ఒదులు" అంది.

వాడు చెయ్యి వదిలేశాడు. ఎనిమిది దారాలూ తెగాయి. మాగ రెక్కలు గొంతుకింద అదిమిపెట్టుకుని నీళ్ళలోకి దిగిపోయింది.

గున్నయ్య ఉండబట్టలేక మళ్ళీ తల ముంచాడు. మాగ అడుగుకు చేరి, పిల్లల్ని వదిలి, ఇక ఈదండి అన్నట్టు ఒళ్ళు విదిలించింది. గొంతులోంచి గాలాలు ఊడాయి, ఎరల ముక్కు దగ్గరి దారపు ముడులు తెగాయి. ఎనిమిది కర్రచేపలూ వెల్లకిలా తిరిగి, ఒక్కొక్కటే పైకి తేలిపోయాయి. తెగిన దారాలు మాత్రం అటు నాలుగు, ఇటు నాలుగు, దాని గొంతు గాయాల్లో ఇరుక్కుని వేలాడుతున్నాయి.

మాగ పిచ్చిదానిలా వాటి వెనకాల పరిగెత్తింది. ఒకదాని కిందికి చేరి పైకెత్తబోయింది. గొంతుకింద వేలాడే దారాలు ఆ కర్రచేపకు తగిలాయి. మాగ ఉన్నచోటే ఆగిపోయింది. మళ్ళీ తాకించి చూసింది. మెత్తదనం లేదు. లోపల గుండె కొట్టుకోవడంలేదు. కళ్ళేమో పిల్ల అంటున్నాయి, దారాలేమో కర్ర అంటున్నాయి. ఎనిమిదింటినీ తాకి చూసింది. ఎనిమిదీ కర్రలే.

అప్పుడది పెట్టిన కేక గున్నయ్య చెవుల్లోంచి చచ్చేదాకా పోలేదు. ఈ కళ్ళు నాకొద్దు, తీసెయ్యి అని సముద్రాన్ని అడిగింది.

ఎంతమంది ఎన్ని మొక్కినా ఎప్పుడూ తన హోరులో తానుండే సముద్రం ఆరోజు బదులు పలికింది. "కళ్ళు తియ్యను తల్లీ. తెర వేస్తాను. ఆ దారాలు నువ్వే ఉంచుకో. వాటిలో ప్రాణం పోస్తాను. వాటితో తడిమి చూసి, నిజమని తేలాకే కళ్ళను నమ్ము" అంది.

గున్నయ్య చూస్తుండగానే మాగ కళ్ళమీద పల్చటి పొర కమ్మింది. గొంతుకింది దారాలు కదిలాయి. గాలి లేదు, అల లేదు, అయినా కదిలాయి. ఒక్కొక్కటే వేలిలా వంగి, చాచుకుని, నీళ్ళను తడమడం మొదలుపెట్టాయి. ఊపిరి చాలక వాడు తల పైకి తీసి, పడవలో వెల్లకిలా పడి దగ్గాడు. చూసింది చూసినట్టు చెబితే ఎర్రమ్మ రెండు చేతులూ జోడించింది.

ఇక ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? గున్నయ్య తేలుతున్న ఎనిమిది కర్రచేపల్నీ ఏరి బుట్టలో పడేశాడు. ఎర్రమ్మ ఊరుకోలేదు. ఉత్తిచేతులతో వెళ్ళనంటే వెళ్ళనని, మామూలు గాలానికి కుళ్ళిన నెత్తల్లు గుచ్చి రాళ్ళ దగ్గర వదిలింది. పడిందేమిటి? పాలసొర, చిన్న సొరచేప. అప్పట్లో పాలసొరంటే అందరికీ అసహ్యం. కంపు కొడుతుందని కాకులకు పారేసేవారు. ఎర్రమ్మ దాన్నే ఇంటికి తెచ్చింది.

మంత్రసాని ముక్కు మూసుకుని, బాలింతకు ఈ కంపుచేప పెడతారా అని నానా మాటలూ అంది. ఎర్రమ్మ వినిపించుకోలేదు. సొరను ఉడకబెట్టి, తోలు తీసి, ముళ్ళు ఏరి, పొడిపొడిగా చేసి, ఇంత పసుపు, బోలెడు వెల్లుల్లి వేసి పుట్టు చేసింది. గున్నయ్య ఆ ఎనిమిది కర్రచేపల్నీ ఆ పొయ్యిలోనే పెట్టాడు. ఉప్పులో ఉన్న చిన్నచేపను తీసుకెళ్ళి మొగ దగ్గర నీళ్ళకిచ్చాడు.

పారమ్మ కళ్ళు మూసుకుని పుట్టు తింది, రెండు పూటలూ తింది. తెల్లవారేసరికి రవిక తడిసిపోయింది. ఏమిటా అని చూసుకుంటే పాలు! ఇంట్లో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. మంత్రసాని నాలుగుసార్లు చూసి, అయిదోసారి మొహం చాటేసింది. పిల్ల గుటకలు వేస్తూ తాగింది. కడుపు నిండాక పెంకులెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని వీధి వీధంతా ఆ ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

అప్పటినుంచే మన పల్లెల్లో బాలింతకు పాలసొర పుట్టు పెడతారు. చూశారా, ఒకప్పుడు కాకులకు పారేసిన చేప.

మాగ కళ్ళమీద పొర, మెడకింద అటు నాలుగు ఇటు నాలుగు పోగులు వచ్చింది కూడా అప్పటినుంచే. తేటనీళ్ళు వదిలేసి, ఏరు కలిసేచోట, చెయ్యి పెడితే చెయ్యి కనిపించని బురదనీళ్ళలో, పోగులతో నేలంతా తడుముకుంటూ తిరుగుతుంది. తిండి వెతుక్కుంటోందని అంటారు పెద్దవాళ్ళు. తింటుంది, నేను కాదనను. కానీ వేలెడంత వెండిచేప ఎదురైతే మాత్రం ముందు పోగులతో మెల్లగా నిమురుతుంది, ఊపిరి ఆడుతోందా, గుండె కొట్టుకుంటోందా అని. అప్పటిదాకా నోరు తెరవదు.